సూది చేయగలదెంత? శస్త్రచికిత్సా సమయమున రోగి సౌఖ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమున భీష్మపర్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేనొప్పుకొంటిని. కాని గడచిన వేసవిలో మా యింట జరిగిన యొక సంగతి నన్ను వేఱొక త్రోవను నడిపించినది. ఆ త్రోవయు ఈ గ్రంథాలయపు గుమ్మము మీదుగానే పోయినది గనుక దానిని మీకు విన్నవించుట ఉచితమని తోచినది. భీష్ముని విడిచిపెట్టలేదు. ప్రసంగాంతమున ఆయన యొద్దకే వత్తును.

మా అక్కకు పిత్తాశయములో రాళ్ళున్నవనియు, శస్త్రచికిత్స చేయించుట మంచిదనియు వైద్యులు చెప్పిరి. రాయి పిత్తనాళమున అడ్డుపడినచో కామెర్లు వచ్చుననియు, పిత్తాశయము వాచి చీము పట్టవచ్చుననియు హెచ్చరించిరి. ఆమె అన్నియు వినెను, తల యూపెను, ఇంటినుండి మాత్రము కదలలేదు. ఇరువదేండ్ల క్రిందట ఆమెకు గర్భకోశము తీసిరి. ఆనాడు మత్తు దిగినది మొదలు మఱునాడు ప్రొద్దెక్కువఱకు ఆమెకు వాంతులైనవి. క్రొత్త కుట్లున్న కడుపును రెండు చేతులతో అదిమి పట్టుకొని ఆమె పడిన యాతనను నేను మంచము ప్రక్కనుండి చూచితిని.

"కోతకు నాకు భయం లేదురా తమ్ముడూ, ఆ వాంతులు మళ్ళీ పడలేను" అని ఆమె నాతో ననెను.

ఇంతలో రచ్చబండ యొద్ద ఎవరో యొక మాట చెప్పిరి. చైనాదేశమున మత్తుమందు లేకుండ, ఒంటికి నాలుగు సూదులు గ్రుచ్చి ఎంత పెద్ద కోతయైనను కోయుదురట. అమెరికా పత్రికా విలేఖరి యొకనికి అట్లే ఆపరేషను చేసిరట. ఆ మాట మా అక్క చెవిని బడినది. మఱునాడుదయమున నన్ను పిలిచి, "మత్తు వద్దు గాని, ఆ సూదుల డాక్టరెక్కడున్నాడో కనుక్కో" అని ఆజ్ఞాపించెను. ఆ వైద్యుడు దొరకువఱకు ఆపరేషను మాట ఎత్తవద్దనెను. నడుమ రెండు మాఱులు రాత్రివేళ డొక్కలో నొప్పి వచ్చి ఆమె విలవిలలాడినది.

నేను లెక్కలు వ్రాసికొనువాడను, వైద్యుడను కాను. కాని యొక పద్దు సరియగునో కాదో తేల్చుటకు దాని రశీదు చూడవలెనన్న సంగతి ఎఱుగుదును. ఆ రశీదు వెదకుటకే మన గ్రంథాలయమునకు వచ్చితిని. కొంత పుస్తకములలోను, కొంత మన గ్రంథపాలకుని సాయమున కంప్యూటరు తెరమీదను చదివితిని. చదివినది మీ ముందుంచుచున్నాను.

ముందుగా ఏ సూదియో తేల్చుకొందము. మన యూళ్ళలో సూది యన్నచో సూదిమందే. అది లోన బోలుగా నుండి మందును కండలోనికో నరములోనికో పంపును. చైనా సూది బోలుది కాదు. దానిలో మందుండదు. అది త్రుప్పు పట్టని ఉక్కుతో జేసిన సన్నని తీగ. మందము మిల్లీమీటరులో నాల్గవ వంతునకు అటునిటుగా నుండును. చర్మముమీద నిర్ణయించిన తావులలో దానిని దింపి, కొంతసేపు అట్లే యుంచియో, వ్రేళ్ళ నడుమ మెల్లగా త్రిప్పియో తీసివేయుదురు. దింపిన చోట నొప్పికంటె బరువు, తిమ్మిరి, లోన ఏదో లాగినట్లుండుట తఱచుగా తోచునట. దీనికి ఆక్యుపంక్చరని పేరు. లాటిను భాషలో 'ఆకస్' అనగా సూది.

"ఇది మనదే, సుశ్రుతునిలో నున్నదే" అనువారు కలరు. సుశ్రుతసంహితను చూచితిని. శారీరస్థానమున నూటయేడు మర్మములు చెప్పబడినవి. అవి సూది దింపవలసిన తావులు కావు, శస్త్రము తగులకుండ కాపాడుకొనవలసిన తావులు. సిరావ్యధము కలదు. అది రక్తమును వెడలించుటకు జేయునది. చైనా సూది పని రక్తమును తీయుట కాదు. కనుక మనదానిని మనదిగను, వారిదానిని వారిదిగను ఉంచుట న్యాయము. మన సుశ్రుతుని గొప్పతనమునకు ఎరువు సొమ్ములక్కఱలేదు.

మఱి కోతనాడు రోగి బాధకు సుశ్రుతుడేమి చేయుమనెను? శస్త్రకర్మకు ముందు రోగికి ఇష్టమైన భోజనము పెట్టుమనెను. బాధ నోర్వజాలనివానికి తీక్ష్ణమైన మద్యమిమ్మనెను. కడుపు, నోరు మొదలైన కొన్నింటికి మాత్రము భుజింపనివానికే శస్త్రము ప్రయోగింపుమనెను. చైనావారి ప్రాచీన గ్రంథములను గూర్చి చదివినను ఇట్టిదే కనబడును. పీత చక్రవర్తి పేర వెలసిన వారి వైద్యగ్రంథము రెండువేల యేండ్ల నాటిది. అందలి యొక భాగము తొమ్మిది విధములైన సూదులను వర్ణించును. కాని ఆ సూదులు రోగములను మాన్పుటకు ఉద్దేశింపబడినవే గాని, కోతనాడు మత్తుకు మాఱుగా చెప్పబడినవి కావు. క్రీస్తుశకము రెండవ శతాబ్దాంతమున నున్న హువా టువో యను చైనా శస్త్రవైద్యుడు రోగికి మద్యములో మందు కలిపి త్రాగించి స్మృతి తప్పించెనని వారి చరిత్రకారులు వ్రాసిరి. అనగా మన సుశ్రుతుడును, వారి హువా టువోయు కోతకు ముందు మద్యపాత్రనే చేపట్టిరి.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరి పీల్పించి రోగికి మత్తు గలిగింపగా, వేఱొక వైద్యుడు అతని మెడలోని కంతికి శస్త్రచికిత్స చేసెను. మనుష్యజాతి చరిత్రలో అది యొక సుదినము. కోత నొప్పి యను పెద్ద పద్దు ఆనాటితో కొట్టివేయబడినది. కాని చిల్లర పద్దులు మిగిలిపోయినవి. మత్తు దిగిన పిమ్మట కడుపులో త్రిప్పుట, వాంతి, గొంతు మంట, వణకు, ముందునాటి రాత్రి పట్టు భయము, ఇవి ఆ చిల్లర పద్దులు. వైద్యునకు ఇవి చిన్నవిగా దోచును. రోగికి జ్ఞాపకముండునవి ఇవియే. మా అక్కకు కోత జ్ఞాపకము లేదు. వాంతులు జ్ఞాపకమున్నవి.

ఇక రచ్చబండ మీది కథకు వత్తము. సూదులతో మత్తు గలిగించు ప్రయత్నము ప్రాచీనమైనది కాదు. అది 1958లో షాంఘై నగరమున మొదలైనది. గొంతులోని గవదలు తీయుటకు మత్తుమందునకు మాఱు సూదులు వాడి చూచిరి. ఆ పిమ్మట ఆ దేశమున దానికి గొప్ప ప్రచారము జరిగినది. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికా విలేఖరి జేమ్స్ రెస్టన్ పీకింగు నగరమున ఉండగా ఆయనకు అపెండిసైటిసు వచ్చినది. 17వ తేదీన అచ్చటి ఆసుపత్రిలో ఆపరేషను చేసిరి. 26వ తేదీన ఆయన తన కథను తానే పత్రికలో వ్రాసెను. దానిని మేము చదివితిమి.

మిత్రులారా, ఆయన వ్రాసినదేమన, ఆపరేషను చేయునప్పుడు శరీరము మొద్దుబారుటకు మామూలుగా నిచ్చు సూదిమందునే ఇచ్చిరి. చైనా సూదులు ఆ గదిలోనికి రానే లేదు. మఱునాటి రాత్రి ఆయన కడుపు ఉబ్బి మిక్కిలి అసౌఖ్యము కలిగినది. అప్పుడు అచ్చటి సూదివైద్యుడు వచ్చి కుడి మోచేతి వెలుపలను, మోకాళ్ళ క్రిందను మూడు పొడవైన సన్నని సూదులు దింపెను. ఒక మూలిక కట్టను వెలిగించి కడుపునకు దగ్గఱగా పట్టెను. ఇదంతయు ఇరువది నిమిషముల పని. గంటలోపల కడుపు బిగువు సడలినదనియు, మరల ఆ బాధ రాలేదనియు రెస్టన్ వ్రాసెను. జరిగినదింతే. కోత సూదిమందుతో జరిగినది. కోత తరువాతి ఉబ్బరమునకు చైనా సూది దింపిరి. ఈ రెండు వాక్యములు నోటినుండి నోటికి ప్రాకి యొకటై, అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట మన రచ్చబండకు చేరునప్పటికి మత్తు లేని ఆపరేషనైనవి.

1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సను చైనాకు వెళ్ళెను. ఆ యేండ్లలోనే పాశ్చాత్య వైద్యులు అనేకులు పోయి ఆ ఆపరేషనులను స్వయముగా చూచిరి. రోగులను ఏరి ఎన్నుకొనుచుండిరనియు, సూదులతో బాటు మనస్సును శాంతింపజేయు మందులును, కోయు చోట మొద్దుబార్చు సూదిమందును తఱచుగా ఇచ్చుచుండిరనియు తెలిసినది. నేడు చైనాలో సయితము సూదిని మత్తుమందునకు తోడుగా వాడుటయే మేలని ఎంచుచున్నారు. కావున సూది యొక్కటే చాలునను మాటకు రశీదు లేదు.

మన దేశమునకు ఈ విద్య వచ్చిన విధమును గూడ చెప్పవలెను. అది మనము గర్వింపదగిన కథ. 1938లో భారత జాతీయ కాంగ్రెసు యుద్ధములో నలుగుచున్న చైనాకు అయిదుగురు వైద్యులను పంపినది. వారిలో షోలాపూరు వాస్తవ్యుడైన డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్ 1942 డిసెంబరు 9న అచ్చటనే కన్నుమూసెను. శాంతారాం 1946లో తీసిన చిత్రము వలన ఆయన పేరు మనలో పెద్దవారికి తెలియును. ఆ అయిదుగురిలోనే యొకరైన డాక్టరు బిజయకుమార బసు తరువాతి కాలమున మరల చైనాకు పోయి సూదివైద్యమును నేర్చి, కలకత్తాలో దానిని ప్రవేశపెట్టెను. ఒకనాడు మనము సాయము పంపితిమి. దానికి బదులుగా ఒక విద్య వచ్చినది.

ఇంతవఱకు చెప్పినది విని, సూది వట్టిదని మీరనుకొనవలదు. రచ్చబండ చెప్పిన పద్దు తప్పుగాని, ఖాతా యంతయు తప్పు కాదు. మా అక్క ఏ బాధకు భయపడినదో సరిగా ఆ బాధకే ఈ సూదికి కొంత జమ కలదు.

మీ ఎడమ చేతిని ముందుకు చాచుడు. మణికట్టు వద్ద అరచేయి మొదలగు గీత కలదు గదా! ఆ గీతనుండి మోచేతివైపు మీ వ్రేళ్ళు మూడు అడ్డముగా పెట్టుడు. పిడికిలి కొంచెము బిగించి వంచినచో అచ్చట రెండు స్నాయువులు త్రాళ్ళవలె లేచును. వాని నడుమ నున్న తావును చైనావారు నెయ్‌గ్వాన్ అందురు. లోపలి ద్వారమని అర్థము. కడుపు త్రిప్పుటకు, వాంతికి వారు ఆ తావునే పట్టుదురు. ఐర్లండు ద్వీపమున బెల్‌ఫాస్టు నగరపు విశ్వవిద్యాలయములో మత్తుమందు శాస్త్రమునకు ఆచార్యుడైన జాన్ డండీ, చిన్న ఆపరేషను చేయించుకొను స్త్రీలకు ఆ తావున సూది దింపి, వాంతులు తగ్గుటను చూచి 1986లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించెను. ఆయన అంతటితో ఊరుకొనలేదు. ఆ తావున ముందుగా మొద్దుబార్చు మందు నెక్కించి పిమ్మట సూది దింపినచో ఆ గుణము కనబడదని 1991లో చూపెను. అనగా ఇది చర్మము క్రింది నరముల ద్వారమున నడచు పనియని ఊహింపవచ్చును.

ఇది మనస్సు భ్రమయేమో యని మీరడుగవచ్చును. అడుగవలెను. వైద్యులును అడిగిరి. మన యూరి నాటకములలో కత్తి పొడిచినపుడు అలుగు పిడిలోనికి జొచ్చుట మీరు చూచియే యుందురు. హైడెల్‌బర్గు వైద్యులు 1998లో సరిగా అట్టి సూదినే చేయించిరి. అది చర్మమును తాకును గాని లోనికి దిగదు. రోగికి మాత్రము దిగినట్లే తోచును. ఇట్టి ఉత్తుత్తి సూదులతోను, సంబంధము లేని తావులలో దింపిన సూదులతోను అసలు సూదిని పోల్చి చూచుట నేటి పద్ధతి. జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులను మూడు తెగలు చేసి చూడగా, ఆరు నెలలకు అసలు సూది పడినవారిలో నూటికి 47.6 మందికిని, తావు తప్పించి పైపైన గ్రుచ్చినవారిలో 44.2 మందికిని, మామూలు వైద్యము పొందినవారిలో 27.4 మందికిని మేలు కలిగినదని 2007లో ప్రకటించిరి. అసలునకును, ఉత్తుత్తికిని తేడా స్వల్పము. రోగిని పరుండబెట్టి, ఓపికతో తాకి, మంచి మాట చెప్పిన వైద్యుని చేతికి ఆ ఫలములో పెద్ద వాటా కలదని నేను దీనివలన గ్రహించితిని.

వాంతుల విషయము కొంత వేఱు. 2015లో కాక్రేన్ అను వైద్యసమీక్షా సంస్థవారు మణికట్టు తావును గూర్చి లోకమున జరిగిన 59 పరీక్షలను, అందలి 7,667 మంది రోగుల లెక్కను కూడిరి. ఉత్తుత్తి చికిత్సతో పోల్చగా, ఆ తావును సూదితోగాని, ఒత్తిడితోగాని, మఱియొక విధముగాగాని ప్రేరేపించినవారిలో కడుపు త్రిప్పుట దాదాపు మూడవ వంతు తగ్గినది, వాంతి నూటికి నలువది పాళ్ళు తగ్గినది. వాంతిని ఆపు మందులతో పోల్చగా పెద్ద తేడా కనబడలేదు. ఆ పరీక్షలలో చాలవఱకు లోపములున్నవని ఆ కూడికను వేసినవారే వ్రాసిరి. నూర్గురిలో ముప్పదిమందికి వాంతులగు చోట నలువది పాళ్ళు తగ్గుట యనగా పదునెనిమిదిమందికి అగుట. పండ్రెండుగురు తప్పించుకొందురు. పదునెనిమిదిమందికి అగును. ఇదియే సూది బలము. ఇది తక్కువ కాదు, మహిమయు కాదు. శస్త్రచికిత్సా సందర్భమున ఇంత లెక్క గల గుణము సూదికి మఱియొకటి కనబడదు. పన్ను తీసిన తరువాతి నొప్పికి గూడ ఆశ కలదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు పిలిచిన పండితసభ 1997లో చెప్పినది.

ఇది ఎట్లు పనిచేయును? ప్రాచీన చైనావారు శరీరమున నాడీమార్గములు కలవనియు, వానిలో ప్రాణశక్తి ప్రవహించుననియు చెప్పిరి. శరీరమును కోసి చూచిన శాస్త్రజ్ఞులకు ఆ మార్గములు కనబడలేదు. కాని 1975లో స్కాట్లండులోని అబర్డీను నగరమున హ్యూస్, కాస్టర్లిట్జ్ అను ఇరువురు మెదడులో నల్లమందువంటి పదార్థమును కనుగొనిరి. మన శరీరమే తన నొప్పికి తాను మందు చేసికొనుచున్నదన్నమాట. 1977లో మఱికొందఱు సూదివలన పంటినొప్పి తగ్గినవారికి నల్లమందును విఱుచు మందునిచ్చి చూడగా ఆ ఉపశమనము పోయినది. కనుక నొప్పి విషయమున సూది శరీరములోని ఆ సొంత కొట్టును తెఱచునని అభిప్రాయపడిరి. వాంతి విషయమున మాత్రము ఇంకను పండితులలో వాదము నడచుచునే యున్నది.

ఇది జమవైపు. ఇక ఖర్చువైపు చూడవలెను. సూది యొకరికి వాడినది మఱియొకరికి వాడినచో కామెర్ల రోగమును తెచ్చు క్రిములు సంక్రమించును. అట్లు జరిగిన సందర్భములు దేశదేశముల వైద్య పత్రికలలో కలవు. ప్రతి రోగికిని క్రొత్త సూది పొట్లము మీ యెదుట విప్పవలెను. ఱొమ్ముపై లోతుగా దింపినచో ఊపిరితిత్తి చిల్లి పడవచ్చును. రక్తము పలుచన జేయు మందులు తినువారును, గర్భిణులును ఆ సంగతిని ముందే చెప్పవలెను. గుండెలో పేస్‌మేకరు గలవారు విద్యుత్తు కలిపిన సూదులకు దూరముగా నుండవలెను. నేను చూపిన మణికట్టు తావు క్రిందనే చేతికి ముఖ్యమైన నరము కలదు. కావున ఇంటిలో దబ్బనముతోను, పిన్నీసుతోను ప్రయోగము చేయరాదు. వ్రేలితో ఒత్తుకొనుట వలన ప్రమాదము లేదు. ప్రయాణములలో వాంతికి ఆ తావుపై బొత్తాము పడునట్లు చేసిన పట్టీలును అమ్ముదురు. అన్నింటికంటె పెద్ద ఖర్చు మఱియొకటి కలదు. సూది కలదను ధైర్యమున చేయించుకొనవలసిన చికిత్సను మానుట. మా అక్క చేయబోయినది ఆ ఖర్చే.

ఇవన్నియు వ్రాసికొని నేను అక్క యొద్దకు పోయితిని. మత్తు లేని ఆపరేషను లేదని రెస్టన్ కథను చదివి వినిపించితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే నా వాంతుల సంగతి ఎవరికి చెప్పుకోనురా?" అనెను. ఆ ప్రశ్నకు జవాబు నేను చదివినదానిలోనే కలదు. ఆప్ఫెల్ అను జర్మను మత్తుమందు వైద్యుడు 1999లో నాలుగు గుఱుతులు చెప్పెను. రోగి స్త్రీ యగుట, పొగ త్రాగని వ్యక్తి యగుట, మునుపు మత్తు తరువాతగాని ప్రయాణములోగాని వాంతులైన అనుభవముండుట, ఆపరేషను తరువాత నల్లమందు జాతి మందులు పడుట. ఒక్క గుఱుతును లేనిచో నూటికి పదిమందికి కడుపు త్రిప్పుటయో వాంతియో కలుగును. ఒకటి యున్నచో ఇరువదిమందికి, రెండున్నచో నలువదిమందికి, మూడున్నచో అరువదిమందికి, నాలుగున్నచో ఎనుబదిమందికి కలుగును. చుట్ట త్రాగు మిత్రులు దీనిని విని సంతసింపవలదు. మత్తు సమయమున వారి ఊపిరితిత్తులకు కలుగు అపాయము ఇంతకంటె పెద్దది.

మా అక్క స్త్రీ. పొగ ఎఱుగదు. మునుపు వాంతులైనవి. బస్సెక్కినను కడుపు త్రిప్పును. మూడు గుఱుతులు ముందే యున్నవి. ఇరువదేండ్ల క్రిందట ఈ సంగతులను ఎవరును అడుగలేదు, మేమును చెప్పలేదు. ఈ మాఱు ఒక కాగితముమీద వ్రాసి మత్తుమందు వైద్యునికి ఇచ్చితిమి. ఆయన చదివి, ఇది తనకు చాల పనికివచ్చునని చెప్పి, ముందుగానే రెండు రకముల మందు లిచ్చెదననెను. సూదివైద్యుడు ఆ ఆసుపత్రిలో లేడు. మణికట్టు ఒత్తవచ్చునా యని నేనడుగగా, "తప్పక ఒత్తండి, నష్టమేమీ లేదు" అనెను.

ఆపరేషను జరిగినది. మెలకువ వచ్చినది మొదలు మా మేనకోడలు తల్లి మంచము ప్రక్క కూర్చుండి మణికట్టు పట్టుకొని యుండెను. రెండు మాఱులు కడుపు త్రిప్పినది. వాంతి మాత్రము కాలేదు. సాయంకాలమునకు అక్క కొబ్బరినీరు అడిగి త్రాగెను.

ఆ ఫలము మందులదా, వ్రేలిదా, కూతురు చేయి పట్టుకొని కూర్చుండుటదా? నేను విడదీసి వ్రాయజాలను. ఒక్క రోగి లెక్క లెక్క కాదు. ఒకటి మాత్రము నిశ్చయముగా చెప్పగలను. మా అక్కను ఆసుపత్రికి నడిపించినది సూది కాదు. తన బాధను ఒకరు పద్దుగా వ్రాసికొనిరన్న నమ్మకము. మీ యింట ఎవరికైన శస్త్రచికిత్స తటస్థించినప్పుడు ఈ యొక్క పని చేయుడు. మునుపు మత్తు ఎట్లు దిగినది, వాంతులైనవా, ప్రయాణములు పడునా, ఏ మందులు తినుచున్నారు, దేనికి భయపడుచున్నారు, ఇవన్నియు కాగితముమీద వ్రాసి మత్తుమందు వైద్యునికి ముందే ఇయ్యుడు. తగిన సూదివైద్యుడు దొరకినచో ఆ వైద్యునికి తెలిపి తోడుగా నుంచుకొనుడు. మత్తునకు మాఱుగా మాత్రము ఉంచుకొనవలదు.

ఇక భీష్ముని యొద్దకు వచ్చితిని. ఆయన అంపశయ్యమీద ఒఱగినప్పుడు శరీరమంతయు బాణములు మోయుచున్నవి, శిరస్సు మాత్రము వ్రేలాడుచున్నది. తలగడ కావలెనని ఆయన అడిగెను. రాజులు పరుగెత్తి మెత్తని తలగడలు తెచ్చిరి. ఆయన వలదని అర్జునుని వంక జూచెను. అర్జునుడు మూడు బాణములు నేల నాటి ఆ శిరస్సునకు ఆధారము కల్పించెను. పితామహుడు సంతోషించెను. దుర్యోధనుడు శల్యములు తీయు వైద్యులను తెచ్చెను. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయుమనెను.

అర్జునుని మూడు బాణములు భీష్ముని దేహమునుండి ఒక్క బాణమునైనను తీయలేదు, గాయమును మాన్పలేదు. వ్రేలాడు శిరస్సునకు ఆనిక యిచ్చినవి. అంతవఱకే వాని పని. రెస్టన్ ఒంటిపై దిగిన మూడు సూదుల పనియు అంతే. కాని మనము భీష్ములము కాము. మనకు స్వచ్ఛందమరణము లేదు. కావున వైద్యులను పంపివేయరాదు. వైద్యుని ఉంచుకొందము, తలగడను గూడ అడుగుదము. రెండును అడుగుటకు రోగికి హక్కు కలదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యూరికి చేసిన మేలు ఇట్టిదే. రచ్చబండమీద విన్న మాటను ఇచ్చటికి తెచ్చి సరిచూచుకొనుట మనకు అలవాటైనది. ఈ అలవాటు మన పిల్లలకును నిలుచుగాక.